రొదలో గొంతు పట్టడం

మిత్రులందరికీ నమస్కారం.

పెద్దవాళ్ల మాటలు రికార్డు చేసి దాచుకోవాలనుకునే కుర్రవాళ్లు ఇంతమంది వచ్చారంటే నాకు చాలా సంతోషంగా ఉంది. హాల్లోకి వస్తుంటేనే ముగ్గురు అడిగారు, "ఏ మైకు కొనమంటారు?" అని. జవాబు చెప్పేముందు మన విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో నాకు జరిగింది చెప్పాలి.

తెల్లవారుజాము, వేలంపాట మొదలయ్యే వేళ. ఒకపక్క బోటు ఇంజన్లు, ఇంకోపక్క ఐసు ఆడించే మిషను, నెత్తిమీద రేకుల కప్పు. చేపలమ్మే పెద్దావిడ ఒకామె కోనాం చేపల బుట్ట ముందు కూర్చుని తెరచాప పడవల రోజులు చెబుతోంది. నా చేతిలో కొత్తగా కొన్న షాట్‌గన్ మైకు, అంటే ఎదురుగా ఉన్న చప్పుడునే ఎక్కువగా పట్టే పొడుగాటి గొట్టం మైకు. నాలుగడుగుల దూరంలో నిలబడ్డాను. కాసేపటికి ఆవిడే అంది, "ఏటి బాబూ, అక్కడెక్కడో నిలబడి అడుగుతావు? నాను గొంతు చించుకోవాలేటి? ఇలగ దగ్గిరికి రా." నేను వినలేదు. ఇంటికొచ్చి చూసుకుంటే ఐసు మిషను ముందుకొచ్చేసింది, ఆవిడ మాట వెనక్కిపోయింది. సగం కథ పోయింది. దాన్ని మళ్లీ అలా చెప్పించలేకపోయాను.

తప్పు మైకుది కాదు. షాట్‌గన్ గొట్టం పక్కలనుంచి వచ్చే సన్నటి, పదునైన చప్పుళ్లని బాగా ఆపుతుంది గానీ, ఇంజన్ గుర్రులాంటి బరువైన రొదని అంతగా ఆపలేదు. పైగా రేకుల కింద ప్రతి చప్పుడూ కప్పుకి తగిలి, సూటిగా ఎదురునుంచి వచ్చినట్టే వస్తుంది. ఆరుబయట, గోల పక్కలనుంచి వచ్చే చోట అయితే షాట్‌గన్‌కి తిరుగులేదు.

ఆవిడ చెప్పిందే అసలు సూత్రం. నోటికీ మైకుకీ దూరం రెట్టింపైతే గొంతు, చప్పుడు కొలిచే లెక్కలో, సుమారు 6 డెసిబెల్స్ పడిపోతుంది. చుట్టూ కమ్ముకున్న రొద మాత్రం అలాగే ఉంటుంది. మూడడుగుల దూరంలో ఉన్న మైకుని ఆరంగుళాలకి తెస్తే గొంతు 15 డెసిబెల్స్ పైనే లేస్తుంది. ఎంత డబ్బు పోసి మైకు మార్చినా ఆ లాభం రాదు. స్టేజీ మీద గాయకులు చేత్తో పట్టుకునే తరహా డైనమిక్ మైకు రొదని వినదని చాలామంది అంటారు. అదీ వింటుంది. దాన్ని నోటికి దగ్గరగా పట్టుకుంటాం కాబట్టి అలా అనిపిస్తుంది, అంతే.

అందుకే గోలలోకి వెళ్లేటప్పుడు నా సంచిలో ముందు పడేది చేతిలో పట్టుకునే డైనమిక్ మైకు. దానికి 48 వోల్టుల ఫాంటమ్ పవర్, అంటే రికార్డరు నుంచి తీగలో మైకుకి అందే కరెంటు, అక్కర్లేదు, కిందపడ్డా తట్టుకుంటుంది. 1966లో వచ్చిన షూర్ ఎస్ఎమ్58 ఇప్పటికీ చలామణీలో ఉంది. అది కార్డియాయిడ్, అంటే వెనకవైపు చెవుడు. ఆ చెవుడుని వాడుకోండి: మిషను మీ వీపు వెనక ఉండేలా నిలబడండి. మాట్లాడే మనిషి వెనక గోడ ఉంటే మాత్రం రొద దానికి తగిలి తిరిగొస్తుంది, జరగండి. ఆర్‌కే బీచ్ గాలిలో అయితే నేను అన్నివైపులా ఒకేలా వినే ఓమ్నీ మైకు వైపే మొగ్గుతాను. గాలికీ, చేతి ఒరిపిడికీ అది తక్కువ బెదురుతుంది. గాలి ఆపే తొడుగు దేనికైనా తప్పదు.

కాలర్ మైకు దగ్గర మాత్రం జాగ్రత్త. చీర కట్టుకున్న ఆవిడకి పెడితే పమిట రాపిడి, నల్లపూసలు తగిలి చిటపటలు. పమిట అంచు లోపలికి మడిచి, గొలుసు పక్కకి జరుపుకోమని ఆవిడనే అడగండి. చెప్పకుండా చెయ్యి వెయ్యొద్దు.

ఇంకొకటి. గోలలో మనిషి తెలియకుండానే గొంతు పెంచుతాడు. ఫ్రెంచి వైద్యుడు లొంబార్డ్ 1911లోనే దీని గురించి రాశాడు. అలా గొంతు పెంచినప్పుడు చనిపోయిన భర్త గురించి చెప్పే మాట కూడా కేకలా వస్తుంది. అలాంటి మాటలకి ఇంటి అరుగు మీదకి తీసుకెళ్లండి. హార్బర్ చప్పుడు విడిగా రెండు నిమిషాలు పట్టుకుంటే చాలు, తర్వాత మాటల కింద కలుపుకోవచ్చు.

ఈ బల్లమీద మూడు మైకులున్నాయి. బయటికెళ్లి జగదాంబ జంక్షన్ ట్రాఫిక్‌లో ఒక్కోదానితో ఒక్కో నిమిషం పట్టి చూద్దాం. హెడ్‌ఫోన్ ముందు ఎవరు పెట్టుకుంటారు?