రాజుగారి కథ చాలు, నానమ్మ సంగతి చెప్పుకుందాం

వేదిక మీది పెద్దలకు, ఎప్పటిలాగే ఖాళీగా ఉన్న ముందు వరస కుర్చీలకు, చోటు లేక వెనక నిలబడ్డ పిల్లలకు నమస్కారం. బాబూ, ముందుకొచ్చి కూర్చోండి, వీఐపీలు ఇక రారు. అధ్యక్షులవారు నన్ను పరిచయం చేయడానికే నా టైం సగం వాడేశారు కాబట్టి నేరుగా విషయంలోకి వస్తాను.

అంశం: అర్మేనియన్ కుటుంబాల్లో తరతరాల విశ్వాసం. దీని మీద ఎవరు మాట్లాడినా క్రీ.శ. 301తోనే మొదలుపెడతారు. అర్మేనియా రాజు తిరిదాత్ క్రైస్తవ బోధకుడు గ్రిగోర్‌ని ఖోర్ విరాప్ అనే చోట గోతిలో పదమూడేళ్ళు పడేశాడు, చివరికి ఆయన చేతే బాప్తిస్మం తీసుకున్నాడు, క్రైస్తవాన్ని రాజ్యమతం చేసుకున్న మొదటి దేశం అర్మేనియా అయింది. సంప్రదాయం చెప్పే కథ ఇది, బాగానే ఉంటుంది. కానీ రాజు పుచ్చుకున్న మతం రాజుతోనే పోయిన సందర్భాలు చరిత్రలో కొల్లలు. ఇది పదిహేడు వందల ఏళ్ళు నిలిచిందంటే ఇంట్లో ఎవరో పట్టుకుని ఉండాలి కదా? వాళ్ళ గురించి ఒక్క ముక్క చెప్పరు. అదీ నా బాధ.

వాళ్ళ బాప్తిస్మం చూడండి. పసిబిడ్డ నుదుటికి, కళ్ళకి, చెవులకి 'మ్యూరోన్' అనే పరిశుద్ధ తైలం రాస్తారు. ఆలివ్ నూనెలో నలభైకి పైగా మూలికలు, పువ్వులు వేసి కాస్తారు. వాళ్ళ చర్చికి కేంద్రమైన ఎచ్మియాజిన్‌లో ఏడేళ్ళకోసారి కొత్త తైలం తయారుచేసి, అందులో పాత తైలం కొంత కలుపుతారు. నిన్నటి పెరుగుతో ఇవాళ్టి పాలు తోడేసినట్టే. ఆ లెక్కన గ్రిగోర్ కాలం నాటి చుక్క ఇప్పటి బిడ్డ నుదుటి మీద కూడా ఉందని వాళ్ళ నమ్మకం. బాప్తిస్మంలో బిడ్డని ఎత్తుకునే 'కవోర్', అంటే జ్ఞానతండ్రి, కూడా అంతే. తాతకి ఏ ఇంటివాళ్ళు కవోర్‌గా ఉన్నారో మనవడికీ ఆ ఇంటివాళ్ళే ఉండటం పాత ఆచారం. పెళ్ళయినవాళ్ళు కూడా ఫాదర్లు కావచ్చు. పూర్వం ఫాదర్ ఉన్న వంశాన్ని ఇంటిపేరు ముందున్న 'తెర్' పట్టిస్తుంది. స్వతంత్ర అర్మేనియా మొదటి అధ్యక్షుడు లెవోన్ తెర్-పెత్రోస్యాన్ పేరులో ఉన్నది అదే.

మరి సోవియట్ రోజుల్లో? చర్చీలకు తాళాలు పడ్డాయి. 1938లో చర్చి అధిపతి, అంటే కాతోలికోస్, ఖోరెన్ చనిపోయారు, రహస్య పోలీసులే చంపారని అందరూ నమ్ముతారు. అప్పుడు నానమ్మలు ఏం చేశారు? ఈస్టర్‌కి ముందు నుంచీ ఉల్లిపొట్టు దాచేవాళ్ళు. ఆ పొట్టు వేసి ఉడికిస్తే గుడ్లు ముదురు ఎరుపుకి తిరుగుతాయి. పళ్ళెంలో మొలకెత్తిన పచ్చటి గోధుమ నారు, దాని మీద ఎర్ర గుడ్లు. ఉల్లిపొట్టు ఎందుకు దాస్తున్నావమ్మా అని ఏ పార్టీ కార్యదర్శి అడుగుతాడు? కొడుకు పార్టీ మెంబరైనా సరే, మనవడికి గుట్టుగా బాప్తిస్మం చేయించిన నానమ్మలున్నారు.

చీటీ పంపించారు, చూశాను. ఈ ఒక్కటీ చెప్పకుండా మాత్రం దిగను. 1200-1202 మధ్య తోలు మీద రాసిన ఒక ప్రసంగాల గ్రంథం ఇప్పటి టర్కీలోని మూష్ దగ్గరి మఠంలో ఉండేది. బరువు సుమారు 28 కిలోలు. 1915లో ఒట్టోమన్ టర్కీ పాలనలో అర్మేనియన్లని ఊళ్ళకు ఊళ్ళే చంపేస్తుంటే, ఇద్దరు ఆడవాళ్ళకి అది శిథిలాల్లో కనబడిందని చెబుతారు. ఒక్కరు మోయలేక రెండు ముక్కలు చేసుకున్నారు. ఒక సగం ఎచ్మియాజిన్ చేరింది. రెండో ఆవిడ దారిలో ఎర్జురుమ్‌లో తన సగాన్ని పాతిపెట్టి ప్రాణం విడిచింది. తరవాత ఎవరో తవ్వి తీశారు. ఇప్పుడు రెండు సగాలూ అర్మేనియా రాజధాని యెరెవాన్‌లో, మాతెనదరాన్ అనే రాతప్రతుల భాండాగారంలో ఉన్నాయి. 28 కిలోలండీ! మనం రేషన్ బియ్యం మూట ఇంటి దాకా తెచ్చుకోవడానికే ఆటో పిలుస్తాం. ఆవిడకి వెనక తరుముతున్న చావు, తిండి లేదు, అందులో ఉన్నది చదవడం వచ్చో రాదో. అయినా మోసింది. ఆ ఇద్దరి పేర్లు చరిత్రలో లేవు. తిరిదాత్ పేరు మాత్రం అందరికీ కంఠతా.

ఇంత దూరం మనకెందుకంటారేమో. ఉప్పుగూడ అర్మేనియన్ శ్మశానం చూసినవాళ్ళు చేతులెత్తండి. హైదరాబాద్‌లోనే, పాతబస్తీ పక్కనే. ఇద్దరా? సరే. ఇరాన్ రాజు షా అబ్బాస్ 1604-05లో అర్మేనియన్ల ఊరైన పాత జుల్ఫా జనాన్ని పెళ్ళగించి ఇస్ఫహాన్ పక్కన కొత్త జుల్ఫాలో కూర్చోబెట్టాడు. అలాంటి అర్మేనియన్ వర్తకులు గోల్కొండ సరుకు కోసం ఇక్కడికీ మచిలీపట్నానికీ వచ్చారు. చనిపోతే రాయి మీద తమ లిపిలోనే చెక్కించుకున్నారు. 17వ శతాబ్దపు ఆ రాళ్ళు ఇంకా ఉన్నాయి. ఏటా ఆ రాళ్ళ దగ్గర దీపం పెట్టే మనవలు మాత్రం ఈ ఊళ్ళో లేరు.

అక్కడొక వివరాల బోర్డు పెట్టించమని అడిగితే ఒక ఆఫీసులో 'మీ వాళ్ళా అండీ?' అన్నారు. మా వాళ్ళే అన్నాను. ఫైలు ఇంకా కదల్లేదు. బయట టీ బల్ల పక్కన అర్జీ పెట్టించాను. టీ తాగేముందు సంతకం పెట్టండి, తాగాక ఎవరూ ఆగరు. పిల్లలూ, మీరు కూడా.