ఫస్ట్ ఎయిడ్ బకెట్‌లో ఒక్కటే టవల్
(హనుమకొండలో పీఈటీలు, కబడ్డీ కోచ్‌ల శిక్షణలో ఒక డాక్టర్ ప్రసంగం)

సార్లకు, మేడమ్‌లకు నమస్కారం.

ఆటల్లో రక్తం అనగానే నన్ను అందరూ ఎయిడ్స్ గురించే అడుగుతారు. "ఫలానా పిల్లగాడికి హెచ్‌ఐవీ ఉందంట, ఆడనియ్యాల్నా సార్?" అని. ఆడనివ్వండి. చెమటతో అది రాదు, పట్టుకుంటే రాదు. ఆ పిల్లవాడికి ఉందని పదిమందికి చెప్పే హక్కు కూడా మనకు లేదు. 2017 హెచ్‌ఐవీ చట్టం దాన్ని ఒప్పుకోదు.

నా టెన్షన్ హెపటైటిస్-బి మీద. రక్తంతో పాకి, కాలేయాన్ని దెబ్బతీసి కామెర్లు తెచ్చే వైరస్ జబ్బు అది. రక్తం ఎండిపోయినా ఆ వైరస్ కనీసం 7 రోజులు బతికి ఉంటుంది. జబ్బున్నవారికి వాడిన సూది గుచ్చుకుంటే హెచ్‌ఐవీ సోకేది సుమారు 1000 మందిలో 3కి. టీకా వేసుకోనివాళ్లలో హెపటైటిస్-బి సోకేది 100 మందిలో 6 నుంచి 30 మందికి. ఆటలో దెబ్బలకు ఇంత ప్రమాదం ఉండదు, కానీ దేనికి ఎక్కువ భయపడాలో తెలుస్తుంది కదా.

స్వీడన్‌లో 1950ల చివర్లో, మ్యాపు చూసుకుంటూ అడవుల్లో పరుగెత్తే ఆటగాళ్లకు వరుసగా కామెర్లు మొదలయ్యాయి. కొన్నేళ్లలో వందలమందికి వచ్చాయి. ఒకరినొకరు తాకే ఆట కూడా కాదది. ముళ్లు గీసుకున్న కాళ్లను పరుగయ్యాక అందరూ అవే నీళ్లలో కడుక్కునేవాళ్లు. వైరస్ పాకింది అలాగేనని అనుమానించి, కాళ్లు పూర్తిగా కప్పుకోవాలని రూల్ పెట్టారు.

మన కోర్టు పక్కన బకెట్, అందులో టవల్ గుర్తొచ్చాయా? ఒకడి మోకాలు తుడిచి, అదే పిండి, ఇంకొకడి పెదవికి అద్దుతాం. ముందు ఆ టవల్ తీసేయండి. ప్రతి గాయానికీ కొత్త దూది, కొత్త గ్లవ్స్. రక్తం ఆగి, గాయం మీద కట్టు పడ్డాకే ఆటగాడు లోపలికి రావాలి. ఫైనల్ అయినా సరే. రక్తం అంటిన బనియన్ మార్చాల్సిందే. మ్యాట్ మీద మరకను ముందు తుడిచి, 1 వంతు బ్లీచింగ్ ద్రావణానికి 9 వంతుల నీళ్లు కలిపి పోసి, 10 నిమిషాలు ఉంచండి.

హెపటైటిస్-బి టీకా దేశమంతా పసిపిల్లలకు అందింది 2011 తర్వాతే. అంటే మీ సీనియర్ టీముల్లో చాలామందికి పడి ఉండకపోవచ్చు, మీకూ అంతే. మూడు డోసులు: ఇవాళ, నెలకు, ఆరు నెలలకు. ఇలాగే రక్తంతో పాకే ఇంకో కాలేయ జబ్బు హెపటైటిస్-సి. దానికి టీకా లేదు, మందులతో నయమవుతుంది. జిమ్ముల్లో ఒకే సిరంజితో "బలం ఇంజెక్షన్లు" పొడిపించుకునేవాళ్లు మాత్రం ఈ మూడు జబ్బులకూ దారి తీసినట్టే. ఆ సంగతి పిల్లలతో మీరే మాట్లాడాలి. మా మాటకన్నా కోచ్ మాట వింటారు.

వేరేవాళ్ల రక్తం మీ గాయంలోనో కంట్లోనో పడిందా? గాయమైతే సబ్బు, నీళ్లు. కన్నైతే ఉత్త నీళ్లు. పిండొద్దు, పసుపు అద్దొద్దు. వెంటనే ఎంజీఎం ఆసుపత్రికి వెళ్లండి. హెచ్‌ఐవీ రాకుండా ఇచ్చే మందు 72 గంటల్లోపు మొదలుపెట్టాలి, ఎంత తొందరైతే అంత మంచిది. 28 రోజులు వాడాలి.

గ్లవ్స్ చేతికి రక్తం అంటకుండా ఎలా తీయాలో ఇప్పుడు చూపిస్తాను. ముందు వరుసలోంచి ఇద్దరు రండి.