ఉత్తరధ్రువ వలయంలోకి ప్రయాణం: ముందు వెలుతురు, తరువాతే ఊరు

సభలోని పెద్దలకు, మిత్రులకు నమస్కారం.

ఉత్తర నార్వే, ఉత్తర స్వీడన్ చూడాలనుకునే మన కుటుంబాలు చాలావరకు మొదట చూడవలసిన ఊళ్ళు రాసుకొని, చవకగా దొరికిన తేదీలకు విమాన టికెట్లు కొని, ఆ తరువాత అక్కడ ఏం కనిపిస్తుందో తెలుసుకుంటాయి. ఈ వరుసను తలకిందులు చేయమని కోరడానికే నేను ఈరోజు మీ ముందు నిలబడ్డాను. హైదరాబాదులో ఏడాది మొత్తం మీద పగటి నిడివి సుమారు 11 గంటలకూ 13 గంటలకూ మధ్యనే మారుతుంది కనుక, ప్రయాణానికి ముందు వెలుతురు గురించి ఆలోచించే అవసరం మనకు ఎన్నడూ రాలేదు. 69 డిగ్రీల ఉత్తర అక్షాంశం దాటిన ట్రోమ్సో నగరంలో మాత్రం నవంబరు చివరి నుంచి జనవరి మధ్య వరకు సూర్యుడు ఉదయించడు. మే 20 ప్రాంతం నుంచి జులై మూడో వారం దాటేవరకు అస్తమించడు. అక్కడ మీరు ఏం చూస్తారన్నది ఊరి కన్నా ముందు తేదీ నిర్ణయిస్తుంది.

మన బడుల సెలవులతో దీనిని పోల్చి చూద్దాం. పిల్లలకు వేసవి సెలవులు కదా అని మే నెలలో బయలుదేరి, ధ్రువకాంతులు, అంటే రాత్రి ఆకాశంలో కదలాడే రంగు వెలుగులు, కనిపించలేదని నిరాశపడేవారు ఉన్నారు. చీకటి పడని ఆకాశంలో అవి కనిపించే అవకాశమే లేదు. మే చివరి వారంలో వెళ్ళేవారు అర్ధరాత్రి సూర్యుని కోసమే వెళ్ళాలి; కొండదారుల్లో అప్పటికి ఇంకా మంచు కరుగుతూ ఉంటుంది కనుక కాలినడక యాత్రలు పెట్టుకోకూడదు. నా దృష్టిలో మన కుటుంబాలకు అన్నిటికన్నా అనువైనవి దసరా సెలవులు. రాత్రులు తగినంత చీకటిగా ఉంటాయి, చెరువులు ఇంకా గడ్డకట్టవు, దసరా సెప్టెంబరు చివర్లో వస్తే బర్చ్ చెట్ల అడవులు పసుపు రంగులో ఉండవచ్చు, చలి మనం తట్టుకోగలిగినంతే ఉంటుంది. పైగా విషువత్తులు, అంటే పగలూ రాత్రీ సమానమయ్యే రోజులు, వచ్చే మార్చి, సెప్టెంబరు నెలల చుట్టూ ధ్రువకాంతులకు దారితీసే భూఅయస్కాంత అలజడులు ఎక్కువగా సంభవిస్తాయన్నది చాలా కాలంగా గమనించిన విషయం. మంచు మీద కుక్కబండి ఎక్కాలన్న కోరిక ఉన్నవారికి మాత్రం దసరా పనికిరాదు. వారు ఫిబ్రవరి, మార్చి నెలలను ఎంచుకోవాలి. సంక్రాంతికి వెళ్ళేవారు మరొక విశేషం చూడవచ్చు. గణితం ప్రకారం జనవరి 15 ప్రాంతంలోనే ట్రోమ్సోకు సూర్యుడు తిరిగి వచ్చినా, చుట్టూ కొండలు అడ్డుండడం వల్ల 21వ తేదీ ప్రాంతంలో గానీ కనిపించడు. ఆ రోజు ఊరంతా తియ్యటి బన్నులు తిని పండుగ చేసుకుంటుంది.

తేదీలు కుదిరాక ఊరి సంగతి. ధ్రువకాంతులకు ప్రధాన శత్రువు మబ్బు. సూర్యుని నుంచి వచ్చే విద్యుదావేశ కణాలు భూమి అయస్కాంత క్షేత్రం వెంట దిగి, సుమారు వంద కిలోమీటర్లకు పైన ఉన్న వాయువులను వెలిగిస్తాయి. మబ్బులేమో అంతకన్నా ఎంతో కింద ఉండి మొత్తం దృశ్యాన్ని కప్పేస్తాయి. నార్వే శాస్త్రవేత్త క్రిస్టియన్ బిర్కెలాండ్ 1899లో ఉత్తర నార్వేలోని ఆల్టా పట్టణం సమీపంలోని హాల్దె కొండ శిఖరం మీద పరిశీలనాలయం నెలకొల్పి, మంచుగాలుల మధ్య చలికాలం గడిపింది ఈ కాంతుల కారణం తెలుసుకోవడానికే. ఆ పట్టుదలను తలచుకుంటే నాకు ఇప్పటికీ గౌరవం కలుగుతుంది.

సముద్రతీరంలోని ట్రోమ్సోలో మబ్బులూ మంచూ ఎక్కువ. సరిహద్దుకు ఇవతల, స్వీడన్‌లోని అబిస్కోలో పరిస్థితి వేరు. పడమటి గాలులు నార్వే కొండల మీదనే తేమను దించేసి రావడం వల్ల, టోర్నెట్రెస్క్ సరస్సు ఒడ్డున ఉన్న ఈ చిన్న ఊరికి ఏడాదికి వాన, మంచు కలిపి 300 మిల్లీమీటర్ల ప్రాంతంలో మాత్రమే అవపాతం ఉంటుంది. అందుకే ట్రోమ్సో, నార్వే ఉత్తర కొసన ఉన్న నార్త్ కేప్, స్వీడన్ గని పట్టణం కిరునా అన్నీ ఒకే వారంలో చుట్టి రావాలన్న ప్రణాళికను నేను గట్టిగా వద్దంటాను. అబిస్కోలో వరుసగా నాలుగు రాత్రులు ఉండండి. స్టాక్‌హోమ్ నుంచి నార్వే రేవు పట్టణం నార్విక్ వెళ్ళే రాత్రి రైలు కిరునా మీదుగా నేరుగా అక్కడికి తీసుకువెళుతుంది. కిరునా ఇనుప ఖనిజాన్ని నార్విక్ రేవుకు చేర్చడానికి వేసిన ఆ మార్గం, 20వ శతాబ్దం తొలి ఏళ్ళ నుంచీ నడుస్తోంది. దారిలో కిరునాలో ఒక రోజు ఆగడం మంచిదే: గని తవ్వకం వల్ల నేల కుంగుతూండడంతో పట్టణాన్నే పక్కకు తరలిస్తున్నారు, 1912 నాటి చెక్క చర్చిని 2025 ఆగస్టులో చక్రాల వాహనాల మీద ఉన్నది ఉన్నట్టుగా సుమారు ఐదు కిలోమీటర్లు జరిపారు.

చలి గురించి అతిగా భయపడవద్దు. వెచ్చని సముద్ర ప్రవాహం వల్ల తీరంలో జనవరి సగటు సున్నాకు కొన్ని డిగ్రీల కిందనే ఉంటుంది. లోపలి పీఠభూమి సంగతి వేరు. అక్కడి కారాషోక్ అనే ఊరిలో 1886లో మైనస్ 51.4 డిగ్రీలు నమోదయింది. ఒంటికి ఆనుకొని ఉన్ని వస్త్రం వేసుకోండి, నూలు వద్దు. చెమటకు తడిసిన నూలు ఆరదు.

నార్వే ఐరోపా సమాఖ్యలో లేకపోయినా, ఒకే వీసాతో తిరగగల ఐరోపా దేశాల కూటమి షెంగెన్‌లో ఉంది కనుక ఒకే వీసా రెండు దేశాలకూ చాలుతుంది. ఎక్కువ రోజులు ఏ దేశంలో ఉంటారో ఆ దేశానికే, ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు చేయవచ్చు. వంటగది ఉన్న బస తీసుకుంటే శాకాహారులకు ఇబ్బంది ఉండదు. పప్పులు, బియ్యం దుకాణాల్లో దొరుకుతాయి. ఇంటి నుంచి నెయ్యి, కోడిమాంసం పచ్చడి మాత్రం తీసుకువెళ్ళకండి, బయటి దేశాల పాల, మాంస పదార్థాలకు అనుమతి లేదు.

చివరిగా, అది నిర్జన ప్రదేశం కాదు. అక్కడి ఆదివాసులైన సామీ ప్రజల స్వస్థలం. ఆల్టా నది మీద ఆనకట్టకు వ్యతిరేకంగా 1970ల చివర వారు చేసిన పోరాటం తరువాతనే, 1989లో నార్వేలో సామీ పార్లమెంటు ఏర్పడింది. వారు పెంచే రెయిన్‌డీర్ అనే దుప్పి జాతి జంతువుల శిబిరం చూడదలచుకుంటే సామీ కుటుంబాలే స్వయంగా నడిపేదాన్ని వెతికి ఎంచుకోండి. మీకు ఎన్ని జంతువులున్నాయని అడగకండి. బ్యాంకులో ఎంత డబ్బుందని అడగడంతో సమానం అది. రోడ్డు మీద మంద ఎదురైతే హారన్ కొట్టకుండా, అవి దాటేవరకు కారు ఆపి ఉంచండి.