రొయ్యల చెరువు కాపలాకి ఏ లైటు కొనాలి?

[దృశ్యం: రాత్రి, చెరువు గట్టు. నీళ్లకి గాలి కలిపే ఏరేటర్ల చప్పుడు. లైటు పడ్డచోట నీళ్లలో ఎర్రటి చుక్కలు.]

ఆ మెరిసేవి రొయ్యల కళ్లండి. తెల్లవారుజామున 3 గంటలప్పుడు ఇవి గట్టు వెంబడి పైపైన గుంపు కట్టాయంటే నీళ్లలో ఆక్సిజన్ తగ్గిందేమోనని ముందు అనుమానించాలి. అవతలి గట్టు దాకా నడిచి వెళ్లి చూసేలోపు ఆలస్యమైపోతుంది. ఇవతల నుంచే కనబడాలి.

షాపులో అందరూ అడిగేది “ఎన్ని ల్యూమెన్లు?” అని. ల్యూమెన్లంటే లైటులోంచి వచ్చే మొత్తం వెలుగు, అంతే. అది ఎంత దూరం కొడుతుందో చెప్పేది క్యాండెలా.

[దృశ్యం: చెరువు పటం, మూల నుంచి మూలకి గీత.]

ఎకరం చెరువు నలుచదరంగా ఉంటే ఒక్కో వైపు సుమారు 64 మీటర్లు, మూల నుంచి మూలకి 90. పెట్టె మీద “100 మీటర్లు” అని ఉంది కదా, చాలనుకోకండి. ఆ 100 మీటర్ల దగ్గర మిగిలేది పావు లక్స్ (లక్స్ అంటే ఒక చోట పడే వెలుగు కొలత), పున్నమి వెన్నెలంత. దాంతో రొయ్య కన్ను ఏం కనబడుతుంది? కనీసం ఒక లక్స్ పడాలి. లెక్క తేలికే: 90ని 90తో గుణిస్తే 8,100. అన్ని క్యాండెలాలు కావాలన్నమాట. 10,000 ఉన్నది తీసుకుంటే నిశ్చింత. దాని పెట్టె మీద 200 మీటర్లని ఉంటుంది.

ఇక తలకి కట్టుకునేదా, చేత్తో పట్టుకునేదా?

[దృశ్యం: ఎండుగడ్డిలో కొబ్బరి తాడు ముక్క. ముందు తల లైటుతో, తర్వాత నడుము ఎత్తున పట్టుకున్న టార్చితో.]

తేడా చూశారా? తల లైటు మన చూపు వెంటే పోతుంది కాబట్టి నీడ తాడు వెనకే దాక్కుంటుంది, అంతా చదునుగా కనబడుతుంది. నడుము దగ్గర నుంచి ఏటవాలుగా వేస్తే నీడ పక్కకి సాగి తాడు లేచి కనబడుతుంది. అక్కడున్నది రక్తపింజరైతే? ఎండుగడ్డిలో దాని రంగు ఇట్టే కలిసిపోతుంది. పైగా ధనుర్మాసం మంచులో తల లైటు వెలుగు తిరిగి మన కళ్లలోనే కొడుతుంది. గట్టు మీద నడిచేటప్పుడు చేతి టార్చే మేలు.

కానీ చెక్ ట్రే (రొయ్యలు మేత తిన్నాయో లేదో చూసే పళ్లెం) లాగేటప్పుడు, ప్యానెల్ బోర్డు దగ్గర చేతులు ఖాళీగా ఉండాలి. అక్కడ తల లైటే. అంటే రెండూ కావాలి, ఖర్చుకి వెనకాడకండి. ట్రే దగ్గర 50 ల్యూమెన్లు చాలు. ఎక్కువ వెలుగు మీద పడితే రొయ్యలు ఎగిరి బయట పడతాయి. రంగు ముఖ్యం: 4,000 నుంచి 5,000 కెల్విన్ (వెలుగు రంగు కొలత), సీఆర్‌ఐ (రంగులు ఎంత అసలుగా కనబడతాయో చెప్పే అంకె, 100కి) 90 పైన. నీలం కొట్టే 6,500 లైటులో పేగు తెల్లబడిందో, మేతతో నిండి ఉందో తేల్చుకోలేం.

[దృశ్యం: వంటింటి డిజిటల్ త్రాసు మీద బ్యాటరీ.]

బ్యాటరీ దగ్గరే మోసమంతా. టార్చిల్లో వాడే 18650 సైజు లిథియం సెల్లుల్లో మంచివాటికి 3,500 ఎంఏహెచ్ (ఎంత కరెంటు నిల్వ ఉంటుందో చెప్పే కొలత) దరిదాపే గరిష్ఠం. 9,900 అని రాసి ఉంటే పక్కన పెట్టేయండి. నిజమైనది 45 గ్రాముల పైచిలుకు తూగుతుంది. 30 గ్రాములే ఉంటే లోపల డొల్లే. మంచి బ్యాటరీతో 100 ల్యూమెన్ల మీద ఇంచుమించు 10 గంటలు, ఒక రాత్రి కాపలా గడిచిపోతుంది. 1,000 ల్యూమెన్లని గొప్పగా రాసిన చిన్న టార్చిలు రెండు మూడు నిమిషాల్లోనే వేడెక్కి తగ్గిపోతాయి.

జూమ్ టార్చి చెరువుకి పనికిరాదు. ముందుకీ వెనక్కీ జరిపినప్పుడల్లా సైకిల్ పంపులా తేమ పీలుస్తుంది. జూమ్ లేనిది, ఐపీఎక్స్ 7 ఉన్నది చూడండి: మీటరు లోతు నీళ్లలో అరగంట ఆగుతుంది. మొగల్తూరు, అంతర్వేది వైపు ఉప్పుగాలికి వెనక స్ప్రింగు తుప్పు పట్టి లైటు మినుకుమంటుంది. నెలకోసారి మూత విప్పి, మరలు పొడి గుడ్డతో తుడిచి, రబ్బరు రింగుకి సిలికాన్ గ్రీజు పలచగా రాయండి. ఇంజిన్ ఆయిలు వద్దు, కొన్ని రబ్బర్లు దానికి ఉబ్బిపోతాయి.

[దృశ్యం: టార్చి వెనక మూత, దగ్గరగా.]

జేబులో వేసుకునే ముందు ఈ మూతని పావు చుట్టు వదులు చేయండి. మరలకి పూత ఉన్న టార్చి అయితే కరెంటు తెగిపోతుంది, జేబులో వెలిగి తొడ కాలదు. ఒంటి చేత్తో మళ్లీ బిగించడం పగలే అలవాటు చేసుకోండి, రాత్రి రెండో చేతిలో ట్రే తాడు ఉంటుంది.