ట్యూవిక్స్ తరఫున కొన్ని మాటలు

అధ్యక్షులవారికి, వేదిక మీది పెద్దలకు, ఎదురుగా ఉన్న మిత్రులకు నమస్కారం. పరిచయంలో నా గురించి చెప్పిన మాటల్ని సగానికి తగ్గించి వినండి, ఆ మిగిలిన సగంలో కూడా కొంత అభిమానమే ఉంది. నాకిచ్చిన అంశం: స్పేస్ ఒపెరాలో, అంటే అంతరిక్ష సాహస కథల్లో, వ్యక్తిత్వం, ఉమ్మడి చైతన్యం, వాటి మీద అభిమానులు అల్లే థియరీలు. మూడు కథలు అనుకొని వచ్చాను. మూడూ పూర్తవుతాయన్న ధీమా నాకే లేదు.

ముందుగా నా ఫిర్యాదు చెప్పేస్తాను. ఒకే మనసు పలు శరీరాల్లో ఉన్న కథ వచ్చిందంటే చాలు, మనవాళ్ళు "అసలు లోపల ఉన్నదెవరు?" అని మొదలుపెడతారు. పైకి అది తత్త్వశాస్త్రం ప్రశ్నలా కనిపిస్తుంది. కాస్త గీకి చూడండి, అడుగున బెయిల్ పిటిషన్ ఉంటుంది. మనకిష్టమైన పాత్ర ఏదో ఘోరం చేసింది, దాన్నెలాగైనా విడిపించుకోవాలి. అందుకే "అప్పుడు లోపల ఉన్నది వాడు కాదు" అని ఓ థియరీ పుడుతుంది.

స్టార్ ట్రెక్ టీవీ సీరియళ్ళలో బోర్గ్‌లనే తీసుకోండి. పట్టుకున్నవాళ్ళని సగం యంత్రాలుగా మార్చి తమ ఉమ్మడి మనసులో కలిపేసుకునే జాతి అది. 1989లో తొలిసారి కనిపించినప్పుడు వాళ్ళకు నాయకుడు లేడు, రాణీ లేదు. ఉన్నదల్లా ఒకే గొంతుతో మాట్లాడే మంద. 1990లో కథానాయకుడు, నౌక కెప్టెన్ పికార్డ్‌ని ఎత్తుకుపోయి, లొక్యూటస్ అని పేరు పెట్టి తమ ప్రతినిధిగా మార్చారు. అతని తలలో ఉన్న వ్యూహాలన్నీ వాడుకొని ఊల్ఫ్ 359 అనే నక్షత్రం దగ్గర అతని పక్షానివే 39 నౌకల్ని ధ్వంసం చేశారు. అభిమానుల థియరీ ఏమిటంటే, లొక్యూటస్ వేరే వ్యక్తి, పికార్డ్ నిద్రపోతున్నాడు, ఆయనకేం పాపం అంటదు. బాగుంది. కానీ ఆ కథ రాసినవాళ్ళే దీన్ని ఒప్పుకోలేదు. ఆ తర్వాత వచ్చిన ఓ ఎపిసోడ్‌లో పికార్డ్ తన అన్నతో ద్రాక్షతోట బురదలో కలబడి, నవ్వి, నవ్వుతూనే ఏడ్చేస్తాడు. ఆపాలని చూశాను, నా బలం చాలలేదు అంటాడు. నిద్రపోయినవాడు అనే మాటా అది? 1993లో మరో స్టార్ ట్రెక్ సీరియల్లో కథానాయకుడిగా సిస్కో వచ్చాడు. అతని భార్య ఊల్ఫ్ 359 దగ్గరే చనిపోయింది. పికార్డ్ ఎదురైతే, మనం ఇదివరకే కలిశాం, యుద్ధంలో, అంటాడు. పికార్డ్ ముఖంలో రంగు మారుతుంది. మీ థియరీ పట్టుకెళ్ళి సిస్కోకి వినిపించండి చూద్దాం.

రాణి గురించి కూడా చెప్పాలి గానీ, అది 1996లో సినిమా కోసం తెచ్చిన పాత్ర. నా లెక్కలో ఆమె వచ్చాక బోర్గ్‌లు మామూలు విలన్లయిపోయారు. తిట్టడానికి ఓ ముఖం దొరికితే భయం సగం పోతుంది. దాన్నిక్కడ వదిలేస్తాను. ఎందుకంటే నేను అసలు వచ్చింది ట్యూవిక్స్ కోసం.

తెలియనివాళ్ళ కోసం చెబుతాను, తెలిసినవాళ్ళు ఓపిక పట్టండి. అదీ 1996 ముచ్చటే. ఇదీ స్టార్ ట్రెక్ కథే, వాయేజర్ అనే నౌకలో టువాక్, నీలిక్స్ అని ఇద్దరు. ఒకరు ముక్కు సూటి తర్కం, ఇంకొకరు వాగుడుకాయ. మొక్కల కోసం ఓ గ్రహం మీదికి దిగారు. తిరిగొచ్చేటప్పుడు, మనుషుల్ని ఒకచోట మాయం చేసి ఇంకోచోట తేల్చే ట్రాన్స్‌పోర్టర్ యంత్రంలో ఇద్దరూ, వాళ్ళు కోసిన ఓ పువ్వూ కలిసిపోయి ఒక్క మనిషిగా బయటికొచ్చారు. అతనే ట్యూవిక్స్. ఇద్దరి జ్ఞాపకాలూ ఉన్నాయి, ఇద్దరి నేర్పూ ఉంది, మాట తీరు మాత్రం సొంతం. రోజులు గడిచాయి. వంట చేశాడు, డ్యూటీ చేశాడు, స్నేహితుల్ని సంపాదించుకున్నాడు. అప్పుడు డాక్టర్ విడదీసే మార్గం కనిపెట్టాడు. ట్యూవిక్స్ వద్దన్నాడు. నేను బతకాలనుకుంటున్నాను అన్నాడు.

కెప్టెన్ జేన్‌వే విడదీయమంది. ఇక్కడ ఆగండి. బ్రిడ్జి మీద, అంటే నౌకను నడిపే గదిలో, అందరూ ఉన్నారు. ట్యూవిక్స్ ఒక్కొక్కరి ముఖంలోకి చూస్తాడు, ఒక్కరైనా నా తరఫున లేవరా అని. అంతదాకా అతనితో కలిసి పనిచేసినవాళ్ళే. ఎవరూ లేవరు. తర్వాత డాక్టర్ కూడా, ఒప్పుకోని మనిషి ప్రాణం తీయడం నావల్ల కాదు అని పక్కకి తప్పుకుంటాడు. ఆయన మనిషి కూడా కాదు, కంప్యూటర్ ప్రోగ్రాం! జేన్‌వే స్వయంగా మీటలు నొక్కుతుంది. టువాక్, నీలిక్స్ తిరిగొస్తారు.

ఒక్కసారి చేతులెత్తండి. ఆ బ్రిడ్జి మీద ఉంటే ఎంతమంది లేచేవాళ్ళు? ... చాలామందే ఉన్నారే. కుర్చీలో కూర్చొని లేవడం తేలికే లెండి.

దీని మీద అభిమానులు ఇప్పటికీ కొట్టుకుంటూనే ఉన్నారు. నాకు మంట పుట్టించే థియరీ ఒకటుంది: ఆ ఇద్దరూ ట్యూవిక్స్ లోపల మెలకువగానే ఉన్నారట, బయటికి రాలేక కొట్టుకుంటున్నారట, కాబట్టి జేన్‌వే చేసింది చంపడం కాదట, చెర విడిపించడమట. ఎపిసోడ్‌లో దీనికి ఆధారం ఏదండీ? లేదు. ట్యూవిక్స్ చెప్పింది దీనికి పూర్తిగా తలకిందులు, వాళ్ళు నాలోనే బతుకుతున్నారన్నాడు. జేన్‌వే సరైన పనే చేసిందని వాదించండి, వింటాను. ఇద్దరి ప్రాణాలు, వాళ్ళ కోసం ఎదురుచూసే నీలిక్స్ ప్రియురాలు కెస్, ఇదంతా తక్కువేం కాదు. కానీ దాని ఖరీదు ఒక ప్రాణమని ఒప్పుకొని వాదించండి. ఆఖరి దృశ్యంలో ఆమె ముఖం చూస్తే ఆమె ఒప్పుకుందనే తెలుస్తుంది. ఆమెకు లేని సందేహం మీకెందుకు?

డెరెక్ పార్ఫిట్ అనే తత్త్వవేత్త 1984లోనే ఇలాంటి యంత్రాన్ని ఊహించి, అవతల తేలినవాడు "నేనే"నా కాదా అన్నది అసలు లెక్కలోకి రానక్కర్లేదు పొమ్మన్నాడు. ఆయన మాట రెండు పక్షాలవాళ్ళూ వాడుకుంటారు. దాంతో తగువు తీరలేదు, ముదిరింది.

అధ్యక్షులవారు చీటీ పంపారు. రెండు నిమిషాలట. సరే, వెర్నర్ వింజ్ రాసిన టైన్‌ల సంగతి వదిలేస్తున్నాను, నాలుగైదు జంతువులు కలిస్తే ఒక మనిషంత తెలివి, అందులో ఒకటి చచ్చిపోతే మిగిలినవాడు పాతవాడేనా అన్న కథ అది. చదవండి. యాన్ లెకీ 2013 నవల 'ఏన్సిలరీ జస్టిస్' ఒక్కటీ చెప్పి దిగిపోతాను.

అందులో ఒక యుద్ధనౌకే కథానాయిక. వేల మానవ శరీరాల్లో ఒకే మనసు. చివరికి మిగిలింది ఒక్క శరీరం, పేరు బ్రెక్. నౌకగా ఉన్నప్పుడు తనకు ప్రాణప్రదమైన లెఫ్టినెంట్ ఆన్‌ని పాలకురాలి ఆజ్ఞ మీద తనే కాల్చింది. మరుక్షణం తుపాకీ ఆ పాలకురాలి వైపు తిప్పింది. ఆ పాలకురాలూ వేల శరీరాలామే, అందులోనూ తనలో తనకే పడనిది. బ్రెక్ ఉన్న దళం పాటలు పోగుచేసుకునేది, నౌకలోని మిగతా దళాలకు ఆ పిచ్చి లేదు. దీన్ని పట్టుకొని అభిమానులు, ఆ దళం అప్పటికే వేరే వ్యక్తి, కాల్చమన్నది నౌక, తిరగబడ్డది దళం అంటారు. మంచి థియరీ. నాకూ నచ్చింది. నవల కూడా ఆ అనుమానానికి చోటిచ్చింది. కానీ బ్రెక్ దాన్ని ఒక్కసారి కూడా తప్పించుకోడానికి వాడుకోదు. కాల్చింది నేను అంటుంది, ఆ తర్వాత ఆ పాలకురాలిని కాల్చడానికి ఏళ్ళ తరబడి ఒక్క తుపాకీ కోసం తిరుగుతుంది.

ప్రశ్నలకు సమయం ఉందంటున్నారు. మైకు ముందుగా ఇందాక చెయ్యెత్తనివాళ్ళకివ్వండి. వాళ్ళతో నాకు పనుంది.