గరుకు ప్లాస్టిక్‌ని నున్నగా చేసి పెయింట్ వేస్తే, ఐదు నెలల తర్వాత ఎలా ఉంది?

నమస్కారం అండి. ఇదిగో, నా చేతుల్లో రెండు ముక్కలున్నాయి. రెండూ ఒకే కారువి, మా నాన్నగారు 2012లో కొన్న హ్యాచ్‌బ్యాక్‌వి. ఎడమ చేతిలోది వెనక డోర్ పవర్ విండో స్విచ్ చుట్టూ ఉండే ప్యానెల్. కంపెనీ నుంచి ఎలా వచ్చిందో అలాగే ఉంది. గోరుతో గీస్తే విన్నారా, గరగరమంటోంది. కుడి చేతిలోది ముందు డోర్‌ది. ఇదీ ఒకప్పుడు ఇలాగే ఉండేది. ఇప్పుడు గోరు జారిపోతోంది, చప్పుడే లేదు.

దీన్ని మా డాబా మీద కూర్చుని, మూడు ఆదివారాలు పెట్టి నున్నగా చేసి, ముదురు బూడిద రంగు వేశాను. ఫిబ్రవరిలో వేశాను, ఇప్పుడు జులై. మధ్యలో విజయవాడ ఎండాకాలం మొత్తం ఈ పెయింట్ మీదుగా గడిచింది. కొత్తగా వేసిన రోజు తీసిన వీడియోలో ఏ పెయింటైనా బాగుంటుంది కదండీ, అందుకే ఇన్నాళ్లు ఆగాను.

అసలు ఆ గరుకు ఎందుకుంటుందో ముందు చెప్పాలి. అచ్చు లోపలి ఉక్కు మీదే తోలు ముడతల్లాంటి గీతలు తీస్తారు. వేడి ప్లాస్టిక్ అందులోకి వెళ్లి ఆ గీతల్ని పట్టుకుని బయటికొస్తుంది. దానివల్ల చిన్న చిన్న గీతలు పడినా కంటికి ఆనవు. వేలిముద్రలు కనిపించవు. ఎండ తగిలినా తళుక్కుమని కళ్లలో కొట్టదు. మనం ఉప్పుకాగితంతో తీసేసేది ఈ సౌకర్యాలనే. మరి నేనెందుకు తీశానంటే, పన్నెండేళ్లకు పైగా ఆ సందుల్లో దుమ్ము, డ్యాష్‌బోర్డ్ పాలిష్ కలిసి తెల్లగా ఇరుక్కుపోయాయి. బ్రష్ పెట్టి రుద్దినా రాలేదు. దానికితోడు మధ్యలో గేర్ లివర్ చుట్టూ ఉన్న ముక్క ఎండకి వెలిసిపోయి గచ్చకాయ రంగులోకి దిగింది.

సరే, ముక్క ఊడదీశారు. స్క్రూడ్రైవర్‌తో మాత్రం ఊడదీయకండి, అంచు నొక్కుకుపోతుంది. ప్లాస్టిక్ ట్రిమ్ టూల్ తీసుకోండి. కింద కప్లర్, అంటే వైర్లు తగిలించే ప్లగ్ ఉంటుంది, దాని లాక్ నొక్కి మెల్లగా లాగండి. ఇక ముక్కని తిరగేసి వెనక వైపు చూడండి. కెమెరా దగ్గరగా పెడుతున్నాను. ఈ బాణం గుర్తుల మధ్య మూడు అక్షరాలున్నాయి చూడండి, ఏబీఎస్. అదొక రకం ప్లాస్టిక్ పేరు. ఇప్పుడు ఈ డోర్ పాకెట్ ముక్క వెనక చూడండి. పీపీ, పక్కన ఈపీడీఎం, ఆ తర్వాత టీడీ 20. అంటే పాలీప్రొపిలీన్, కొంచెం రబ్బరు, 20 శాతం టాల్క్ పొడి. మీ పని నిలుస్తుందా లేదా అన్నది సగం ఈ అక్షరాల్లోనే తేలిపోతుంది.

నేను మొదట చేసింది ఈ పాకెట్ ముక్కే. పెద్దది, చదునుగా ఉంది, తేలిక అనుకున్నాను. రుద్దాను, ప్రైమర్ కొట్టాను, రంగు కొట్టాను. రెండు రోజులు చాలా బాగుంది. రెండు వారాలు ఎండలో తిరిగాక అంచు దగ్గర గోరు తగిలింది. ఉల్లిపొర ఊడినట్టు ప్రైమర్‌తో సహా మొత్తం ఊడొచ్చేసింది, అరచేతంత ముక్క. కింద ప్లాస్టిక్‌కి రంగు మరక కూడా అంటలేదు. ఎంత బాధేసిందో చెప్పలేను, ఒక ఆదివారమంతా దాని మీదే పెట్టాను.

పాలీప్రొపిలీన్‌కి పెయింట్ అంటదు. తామరాకు మీద నీటిబొట్టు ఎలా దొర్లుతుందో, దీని మీద పెయింట్ అలాగే నిలవకుండా జారాలని చూస్తుంది. పీపీ బంపర్లకి రంగు వేసే ముందు ఫ్యాక్టరీల్లో మంట సెగ చూపించి పైపొర స్వభావం మారుస్తారు, లేదా పెయింట్ అంటుకునేలా చేసే అడ్హీషన్ ప్రమోటర్ కొడతారు. మనం ఇంట్లో చేయగలిగింది ఆ రెండోదే. ప్లాస్టిక్ ప్రైమర్ అని రాసి ఉన్నంత మాత్రాన ఆ క్యాన్ పీపీకి పనికొస్తుందని కాదు. డబ్బా మీద పాలీప్రొపిలీన్ అనో పీపీ అనో ఉందా లేదా చూసి కొనండి. ఇంకో ఇబ్బంది ఏమిటంటే, పీపీని రుద్దితే నున్నబడదు, నూలు పోగుల్లా చిన్న చిన్న వెంట్రుకలు లేస్తాయి. అందుకే నా సలహా, పీపీ ముక్కల జోలికి వెళ్లి గరుకు తీయొద్దు. రంగే మార్చాలంటే బాగా కడిగి, ప్రమోటర్ కొట్టి, గరుకు మీదే పలుచగా రంగు వేసుకోండి.

గుర్తు చెరిగిపోతే నీళ్లలో వేసి చూడమంటారు, తేలితే పీపీ, మునిగితే ఏబీఎస్ అని. ఒట్టి పీపీకి అది నిజమే. కానీ 20 శాతం టాల్క్ కలిపిన పీపీ బరువెక్కి అదీ మునిగిపోవచ్చు. దానికంటే వెనక వైపు, కనపడని మూల, దూదితో కొంచెం అసిటోన్ అద్దండి. ఏబీఎస్ అయితే అక్కడ జిగటగా అయిపోతుంది. పీపీ అయితే ఏమీ కాదు.

ఇప్పుడు ఏబీఎస్ ముక్క. కడగడం దగ్గర తొందరపడకండి. డ్యాష్‌బోర్డ్ పాలిష్‌లలో చాలావాటిలో సిలికాన్ ఉంటుంది. అది సందుల్లో ఉండగానే రుద్దితే లోపలికంటా పాకుతుంది. తర్వాత రంగు కొట్టినప్పుడు చేపకళ్లలా గుండ్రటి గుంటలు పడతాయి, అక్కడ రంగు పక్కకి తప్పుకుంటుంది. గిన్నెలు తోమే లిక్విడ్, పాత టూత్‌బ్రష్, గోరువెచ్చటి నీళ్లు. రెండుసార్లు కడిగి, ఆరాక ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవండి. ఆ తర్వాతే ఉప్పుకాగితం.

మొదట 180 నంబరు. నంబరు పెరిగే కొద్దీ కాగితం నున్నబడుతుంది. గరుకు అడుగు దాకా రుద్దక్కర్లేదు, పైన ఉన్న మొనలు పోతే చాలు. అడుగు దాకా వెళితే అంచులు, మూలలు అరిగిపోయి ముక్క ఆకారమే మారిపోతుంది. తర్వాత 320. ఇక మిగిలిన పల్లాల్ని నింపేది ఫిల్లర్ ప్రైమర్. మూడు కోట్లు, ఒక్కో కోటుకి మధ్య పదిహేను నిమిషాలు, తర్వాత రాత్రంతా ఆరనివ్వాలి.

ఇక్కడ పుట్టీ పెట్టేస్తే పని తొందరగా అయిపోతుంది కదా అనిపిస్తుంది. ఆటోనగర్‌లో నాకు తెలిసిన ఒక పెయింటింగ్ మేస్త్రి గారిని అడిగాను. ‘చిన్న గాటుంటే ఎన్‌సీ పుట్టీ అద్దు బాబూ, ముక్కంతా పూయకు, నెల తిరిగేసరికి లోపలికి గుంజుకుంటుంది’ అన్నారు. ఆయన మాట నిజం. ఎన్‌సీ అంటే నైట్రోసెల్యులోజ్, మందంగా పూసిన ఆ పుట్టీ ఆరే కొద్దీ కుంచించుకుపోతుంది, కింద గరుకు మళ్లీ నీడలా తేలుతుంది. నేను ఒక్క స్క్రూ గాటుకి మాత్రమే వాడాను.

ఈ మొత్తం పనిలో నాకు బాగా నచ్చిన ఘట్టం ఇప్పుడు చూపిస్తాను. ఆరిన బూడిద రంగు ప్రైమర్ మీద నల్ల మ్యాట్ స్ప్రేని దూరం నుంచి, దుమ్ము పడినట్టు పలుచగా కొట్టాను. గైడ్ కోట్ అంటారు. ఇప్పుడు 400 నంబరు వాటర్ పేపర్‌ని గట్టి రబ్బరు బ్లాక్‌కి చుట్టి, సబ్బు నీళ్లు చల్లుకుంటూ రుద్దుతున్నాను. చూడండి, మిట్టగా ఉన్నచోట నలుపు పోయి బూడిద రంగు వస్తోంది. పల్లంలో మాత్రం నలుపు చుక్కలు చుక్కలుగా మిగిలింది. కంటికి నున్నగా కనిపించిన ముక్క మీద ఇంకా ఎంత గరుకు దాగుందో ఆ చుక్కలు చెప్పేస్తాయి. వాటిని వేలితో నొక్కి రుద్ది పోగొట్టాలనిపిస్తుంది. వద్దు, వేలు ఆడినచోట గాడి పడుతుంది, రంగు వేశాక అది బాగా కనిపిస్తుంది. ఇంకో రెండు కోట్లు ప్రైమర్ కొట్టి, ఆరాక మళ్లీ బ్లాక్‌తోనే రుద్దండి. నాకు మూడోసారికి చుక్కలన్నీ పోయాయి. ఆ తర్వాత 800తో ఒక చుట్టు.

రంగు వేయడం దీనిముందు చాలా చిన్న పని. జానెడు కంటే కొంచెం ఎక్కువ దూరం నుంచి పలుచటి కోట్లు నాలుగు, పైన శాటిన్ క్లియర్, అంటే కొద్దిపాటి మెరుపుండే రంగులేని పూత, రెండు కోట్లు. తళతళలాడే గ్లాసీ ఫినిష్ అసలొద్దు, వేలిముద్రల కొట్టు అయిపోతుంది. ఫిబ్రవరిలో ఎందుకు వేశానంటే, వానాకాలం గాలిలో తేమకి ఈ స్ప్రే లాక్కర్ పెయింట్ పాలు కలిసినట్టు తెల్లబారుతుంది. మే నెల మిట్టమధ్యాహ్నం అయితే రంగు ముక్క మీద పడేలోపే ఆరిపోయి పొడిలా దిగుతుంది.

క్లియర్ గురించి ఒక విషయం గట్టిగా చెబుతున్నాను. గట్టిదనం కోసం 2కే క్లియర్, అంటే హార్డనర్ కలిపి వాడే రెండు భాగాల క్లియర్, కొట్టమని చాలామంది చెబుతారు. దాని హార్డనర్‌లో ఐసోసయనేట్లుంటాయి, పీలిస్తే ఊపిరితిత్తులకి హాని, ఆస్తమా రావచ్చు. గుడ్డ మాస్కూ ఎన్95 కూడా ఆ ఆవిరిని ఆపవు. సరైన సరంజామా ఉన్న పెయింట్ షాపులో కొట్టించుకోండి. ఇంట్లో అయితే మామూలు క్లియర్ చాలు, అదీ డాబా మీద, పిల్లలు లేనప్పుడు, మంట దరిదాపుల్లో లేకుండా, ఆవిరిని ఆపే కార్ట్రిడ్జ్ ఉన్న మాస్క్ పెట్టుకునే.

ఎయిర్‌బ్యాగ్ ఉన్న ఏ ముక్కనీ ముట్టుకోవద్దు. స్టీరింగ్ మధ్య భాగం, ప్రయాణికుడి ముందు డ్యాష్‌బోర్డ్, కర్టెన్ ఎయిర్‌బ్యాగ్ ఉంటే పక్క స్తంభాల కవర్లు, ఏవీ వద్దు. అవి చీలాల్సిన చోట చీలేలా తయారైనవి. దాని మీద మందంగా ప్రైమర్ పట్టిస్తే తెరుచుకునే తీరు మారొచ్చు, పెచ్చులు ముఖం మీదికి ఎగరొచ్చు. డ్యాష్‌బోర్డ్ పైభాగం కూడా వదిలేయండి, నున్నగా చేస్తే ముందు అద్దంలో దాని నీడే కనిపిస్తుంది.

ఇప్పుడు, ఇదే పద్ధతిలో చేసిన ముక్కలన్నిటి ఐదు నెలల లెక్క. గేర్ లివర్ చుట్టూ ఉన్న ముక్క నూటికి తొంభై మార్కులు. ఒక్క చోట కూడా లేవలేదు, వెలవలేదు, తడిగుడ్డతో ఒక్కసారి తుడిస్తే చాలు. ఏసీ వెంట్ చుట్టూ ఉన్న రింగులు అయితే ఇప్పుడే వేసినట్టున్నాయి, వాటిని ఎవరూ ముట్టుకోరు కాబట్టి. డ్రైవర్ వైపు స్విచ్ ప్యానెల్ అంచు మీద, నా బొటనవేలు ఆనేచోట, శాటిన్ కొంచెం మెరుపెక్కింది. అది నాకు ఫర్వాలేదు.

నా చేతిలో ఉన్న ఈ ముక్క అమ్మ కూర్చునే వైపుది. ఇక్కడ, స్విచ్‌కి కింద, లైటు పక్క నుంచి వేస్తున్నాను చూడండి. సన్నటి గీతలు, వంపు తిరిగి, ఒకదాని పక్కన ఒకటి. అమ్మ అద్దం దించడానికి చెయ్యి చాపినప్పుడల్లా గాజులు రాసుకున్న గీతలు అవి. పన్నెండేళ్లకు పైగా అవే గాజులు, అదే చోటు, గరుకు మీద ఒక్క గీతా కనిపించలేదు. అమ్మ ఈమధ్య అద్దం దించేటప్పుడు గాజులు వెనక్కి తోసుకుంటోంది. అది చూసి నాకు మనసొప్పలేదు. ఆటోనగర్‌లో పాత సామాన్ల దుకాణంలో ఇదే ప్యానెల్, గరుకుది, ఒకటి దొరికింది. సబ్బు నీళ్లతో కడిగి ఆరబెట్టాను. కెమెరా ఆపగానే వెళ్లి దాన్ని బిగిస్తాను.