కంచికి దారి తెలిసిన కథలు

అందరికీ నమస్కారం.

ఈ మధ్య నేను చదివిన మిస్టరీలు, థ్రిల్లర్లు, ప్రేమ నవలల గురించి మాట్లాడమన్నారు. చదివినవన్నీ వరసబెట్టి చెప్పుకుంటూ పోతే మీకూ విసుగే, నాకూ విసుగే. అందుకని ఆ చదువంతటిలో నన్ను పట్టుకుని వదలని ఒక్క సంగతి చెబుతాను. అది ఒక పెన్సిలు గీతతో మొదలైంది.

అరువు తెచ్చుకున్న పుస్తకం. అగాథా క్రిస్టీ నవల, 1926లో వచ్చిన ‘ది మర్డర్ ఆఫ్ రోజర్ ఆక్రాయిడ్’. ఎప్పుడో చదవాల్సింది, ఎందుకో ఇన్నాళ్లూ కుదరలేదు. కథ అందుకుని ఇంకా ఎంతో దూరం పోలేదు, ఒక పేజీలో ఒక పేరు చుట్టూ ఎవరో పెన్సిలుతో సున్నా చుట్టి పెట్టారు. పక్కన బాణం గుర్తు. దాని పక్కన రెండు ఆశ్చర్యార్థకాలు. అంతే, హంతకుడెవరో తెలిసిపోయింది. ఒళ్లు మండిపోయింది నాకు. నాకంటే ముందు ఆ పుస్తకం చదివినవారెవరో తెలియదు గానీ, ఆ పూట వారిని గట్టిగానే తిట్టుకున్నాను. పుస్తకం మూసి పక్కన పడేసి, నాలుగు రోజులు దానివంక చూడలేదు.

ఐదో రోజు రాత్రి నిద్ర పట్టక మళ్లీ తీశాను. ఎలాగూ తెలిసిపోయింది కదా, చూద్దాం అని మొదటి పేజీ నుంచి మొదలుపెట్టాను. ముగించేసరికి తెల్లవారుజామున మూడు గంటలు. అంత ఇష్టంగా, అంత జాగ్రత్తగా నేను మరో డిటెక్టివ్ నవల చదివి ఎరగను. ప్రతి మాట దగ్గరా ఆగాను. ఒకచోట వరసగా రెండు వాక్యాలున్నాయి. మొదటిదానికీ రెండోదానికీ మధ్య గడియారం పది నిమిషాలు ముందుకు జరుగుతుంది. ఆ పది నిమిషాల్లో ఏం జరిగిందో రచయిత్రి చెప్పదు. అబద్ధమూ చెప్పదు. ఆ రెండు వాక్యాల దగ్గర నేను చాలాసేపు ఉండిపోయాను. విషయం తెలియకుండా చదివి ఉంటే ఆ చోటు గమనించకుండానే దాటిపోయేదాన్ని. అది ఏ పేజీయో, ఎవరి గురించో మీకు చెప్పను. ఎందుకు చెప్పనో తర్వాత చెబుతాను.

అప్పటినుంచీ నన్ను ఒకటే ప్రశ్న తొలిచేస్తోంది. ముగింపు తెలిశాక కూడా కథ మనల్ని ఎందుకు లాగుతుంది? చిన్నప్పుడు కథ వింటూ ‘కథ కంచికి, మనం ఇంటికి’ అనే మాట వస్తుందని తెలిసే వినేవాళ్లం కదా. అయినా మధ్యలో లేచి వెళ్లేవాళ్లమా?

ఆ ప్రశ్నతోనే ఫ్రెడరిక్ ఫోర్సైత్ ‘ది డే ఆఫ్ ద జాకాల్’ మళ్లీ తీశాను. 1971 నాటి నవల. ఫ్రాన్స్ అధ్యక్షుడు డిగాల్‌ని చంపడానికి ఒక కిరాయి హంతకుడు పథకం వేస్తాడు. డిగాల్ హత్యకు గురికాలేదనీ, 1970లో సొంత ఇంట్లో మామూలుగానే కన్నుమూశాడనీ లోకానికంతటికీ తెలుసు. అంటే అట్ట తెరవకముందే ముగింపు మన చేతిలో ఉంది. ఈ కారణంతోనే కొందరు ప్రచురణకర్తలు రాతప్రతిని తిప్పి పంపారు. ఆయన చావలేదని తెలిశాక ఇంకేం ఉత్కంఠ అన్నది వాళ్ల వాదన. సబబుగానే కనిపిస్తుంది. కానీ పుస్తకం చేతిలోకి తీసుకున్నాక ఆ వాదన ఒక్క అధ్యాయం కూడా నిలబడదు.

అందులో ఒక ఘట్టం చెబుతాను. ఇది చెప్పినందువల్ల మీకు నష్టమేమీ లేదు. హంతకుడు కొత్తగా చేయించుకున్న తుపాకిని పరీక్షించుకోవడానికి ఆర్డెన్ అడవిలోకి వెళతాడు. వెంట మనిషి తలకాయంత కర్బూజాపండు తీసుకెళతాడు. దానిమీద రంగుతో కళ్లూ ముక్కూ నోరూ గీస్తాడు. వలలాంటి సంచిలో పెట్టి చెట్టుకు వేలాడదీసి, అడుగులు లెక్కపెట్టుకుంటూ దూరం వెళ్లి కాలుస్తాడు. గుండు కాస్త పక్కకు పోతుంది. తిరిగొచ్చి ఎక్కడ తగిలిందో చూసుకుంటాడు. స్క్రూడ్రైవరుతో గురి చూసే గొట్టం మరని ఓ పిసరు తిప్పుతాడు. మళ్లీ కాలుస్తాడు, మళ్లీ చూసుకుంటాడు, మళ్లీ ఓ పిసరు. ఎక్కడా తొందర లేదు, కోపం లేదు, ఒక్క పెద్ద మాట లేదు. చివరికి పేలే గుండు పెట్టి కాల్చాక చూస్తే అక్కడ పండన్నదే లేదు.

డిగాల్ బతికాడని తెలిసిన నేను ఆ పేజీల దగ్గర ఊపిరి బిగబట్టాను. చస్తాడా బతుకుతాడా అన్న ప్రశ్న నా మనసులో అసలు లేదు. ఇంత నేర్పరిని ఎవరైనా ఎలా ఆపారన్నదే నా భయం. రచయిత ‘ఏమవుతుంది’ అన్నదాన్ని మొదటే వదులుకుని, ‘ఎలా’ అన్నదానిమీద మొత్తం బరువు పెట్టాడు. నా దృష్టిలో అది థ్రిల్లర్ రాసేవాళ్లు తీసుకోగల అన్నిటికంటే ధైర్యమైన నిర్ణయం.

జపాన్ రచయిత కీగో హిగాషినో 2005లో ప్రచురించిన ‘ది డివోషన్ ఆఫ్ సస్పెక్ట్ ఎక్స్’ ఇంకో అడుగు ముందుకేస్తుంది. దానికి అక్కడి ప్రతిష్ఠాత్మకమైన నవోకీ బహుమతి వచ్చింది. హత్య మొదటి అధ్యాయంలోనే మన కళ్లముందు జరిగిపోతుంది. చంపింది ఎవరో, చచ్చింది ఎవరో, ఎందుకో, అన్నీ తెలుసు. పక్కింట్లో ఉండే ఇషిగామి అనే లెక్కల మాస్టారు ఆ నేరాన్ని కప్పిపుచ్చడానికి పూనుకుంటాడు. ఆయన పరీక్షల్లో ఇచ్చే లెక్కల గురించి ఒకచోట ప్రస్తావన వస్తుంది. చూడగానే జ్యామితి లెక్కలా కనిపిస్తుంది, నిజానికి అది ప్రమేయాల (ఫంక్షన్ల) లెక్క. పిల్లలు చూసీ చూడగానే జ్యామితి పట్టుకుని బోల్తా పడతారు. రచయిత తన నవల రహస్యాన్ని మన అరచేతిలో పెట్టేది ఆ చోటే. పెట్టి, తన మానాన తాను కథ చెప్పుకుంటూ పోతాడు. అన్నీ తెలుసనుకున్న నేను కూడా ఆ పిల్లల్లాగే బోల్తా పడ్డాను. ఇంకోమాట, నేను ఈ మధ్య చదివిన ప్రేమకథల్లో నాకు బాగా నచ్చినవాటిలో ఇదీ ఒకటి. అట్టమీద మిస్టరీ అని ఉంటే ఉండనివ్వండి. ఒక మనిషి ఇంకో మనిషి కోసం ఎంతవరకు వెళ్లగలడన్నదే దాని అసలు విషయం. ఆఖరి పేజీ దగ్గర నాకు ఏడుపు ఆగలేదు.

ఇక నచ్చని వాటి గురించి కూడా చెప్పాలి. పేర్లు వద్దు, తీరు చెబుతాను. ఈ మధ్య వస్తున్న థ్రిల్లర్లలో కథానాయిక ‘నేను’ అంటూ తన కథ తానే చెబుతుంది. బాగుంది. ఒకచోట భర్త బల్ల సొరుగు తెరుస్తుంది. ‘లోపలున్నది చూసి నా కాళ్లు వణికాయి’ అంటుంది. అధ్యాయం అయిపోతుంది. లోపల ఏముందో అరవై పేజీల దాకా మనకు తెలియదు. ఆమెకు తెలుసు, ఆమె దాని గురించే ఆలోచిస్తోంది, మనం ఆమె తలలోనే కూర్చుని ఉన్నాం, అయినా మనకు కనబడదు! ఇది ఉత్కంఠ కానేకాదు, పాఠకుడి కళ్లకు గంతలు కట్టడం. 1929లో రోనాల్డ్ నాక్స్ అనే మతబోధకుడు, ఆయన కూడా డిటెక్టివ్ నవలా రచయితే, ఈ రకం కథలకు పది నియమాలు రాశాడు. పరిశోధకుడికి దొరికిన ఆధారం పాఠకుడి ముందు కూడా పెట్టి తీరాలన్నది వాటిలో ఒకటి. కొన్ని నియమాలకు ఇప్పుడు కాలం చెల్లింది గానీ ఇది మాత్రం న్యాయమైన మాట. క్రిస్టీ ఆ పది నిమిషాలను మన కళ్లెదుటే పెట్టింది, చూడకపోవడం మన లోపం. ఈ సొరుగు మాత్రం మన మొహంమీదే మూసేశారు. రెండిటికీ హస్తిమశకాంతరం.

ప్రేమ నవలల మీద చాలామందికి చిన్నచూపు ఉంది. చివరికి కలుస్తారని తెలిసిందేగా అంటారు. అమెరికాలోని రొమాన్స్ రచయితల సంఘం ఇచ్చిన నిర్వచనంలోనే ఆ మాట ఉంది. కథకు ప్రేమే కేంద్రంగా ఉండాలి, ముగింపు మనసుకు తృప్తినిచ్చేలా, ఆశ మిగిల్చేలా ఉండాలి. అంటే కంచికి దారి ముందే చెప్పి బయల్దేరే కథలివి. అందుకే ఇవి రాయడం కష్టం అంటాను నేను. దాచుకోవడానికి ఏమీ లేనప్పుడు మనుషుల్ని నిజంగా సృష్టించాల్సిందే.

అది చేతకాని నవలలు ఈ మధ్య మూడు చదివాను. మూడింట్లోనూ ఒకే చిక్కు. ఒక అపార్థం, ఒక్క ఫోనుతో తీరిపోయేది, దాన్నే పుస్తకం చివరిదాకా సాగదీశారు. తీరిపోతే కథ అయిపోతుందని భయం కాబోలు. జేన్ ఆస్టెన్‌కి ఆ భయం లేదు. 1813 నాటి ‘ప్రైడ్ అండ్ ప్రెజుడిస్’లో 61 అధ్యాయాలు. కథానాయకుడు డార్సీ కథానాయిక ఎలిజబెత్‌కి రాసిన ఉత్తరం 35వ అధ్యాయంలోనే వచ్చేస్తుంది. అపార్థాల్లో పెద్దవన్నీ ఆ ఉత్తరంతో విడిపోవాల్సిందే. ఇంకా 26 అధ్యాయాలు మిగిలే ఉన్నాయి.

ఆ ఉత్తరం చదివేటప్పుడు ఎలిజబెత్‌ని చూడండి. చదువుతుంది, నమ్మదు. ఇంకెప్పుడూ దీనివంక చూడను అనుకుంటూ గబగబా మడిచి పెట్టేస్తుంది. నాలుగడుగులు వేస్తుంది. అర నిమిషం కాకుండానే ఉత్తరం మళ్లీ విప్పుతుంది. ఈసారి ఒక్కో వాక్యం పట్టుకుని, తనకు ఎవరు ఏం చెప్పారో, ఎప్పుడు చెప్పారో, ఆ చెప్పినదానికి సాక్ష్యం ఏముందో తూకం వేస్తుంది. తీగ లాగితే డొంకంతా కదులుతుంది. ఆ డొంకలో చివరికి దొరికేది తన సొంత పొరపాటే. పరిశోధకురాలూ ముద్దాయీ ఒక్కరే. రెండోసారి చదవడం ఒక మనిషిని ఎలా మారుస్తుందో ఇంతకంటే బాగా చూపించిన చోటు నాకు తెలియదు. అది ఉన్నది ప్రేమ నవలలో! అందుకే ఈ మూడు రకాలనూ మూడు అరల్లో విడివిడిగా పెట్టడం నాకు ఇష్టం ఉండదు. డాఫ్నె డ్యూ మోరియె నవల ‘రెబెకా’లో ప్రేమా ఉంది, రహస్యమూ ఉంది. దాన్ని ఏ అరలో పెడతారు? అందులోనూ కథ జరిగే పెద్ద భవంతి పాడుబడిందని మొదటి అధ్యాయంలోనే చెప్పేస్తారు.

ఇదంతా విని, అయితే ముగింపులు అందరికీ చెప్పేయవచ్చన్నమాట అనుకోకండి. శాన్ డియేగోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం పరిశోధకులిద్దరు 2011లో ప్రచురించిన ఒక పరిశోధనలో, ముగింపు ముందే తెలిసినవాళ్లు కథల్ని మరికాస్త ఎక్కువగా ఇష్టపడ్డారని తేలింది. తర్వాత వేరేవాళ్లు చేసినదాంట్లో అందుకు విరుద్ధంగా వచ్చింది. నా మట్టుకు నేను మొదటి పరిశోధన పూర్తిగా ఒప్పుకోను. వాళ్లు వాడినవి చిన్న కథలు. నవలతో మనం రోజుల తరబడి కాపురం చేస్తాం. పైగా రెండో చదువు ఎన్నిసార్లయినా దొరుకుతుంది. మొదటి చదువు ఒక్కసారే. దాన్ని ఎలా చదువుకోవాలన్నది ఎవరికి వారు నిర్ణయించుకోవాలి. నాకు ఆ పుస్తకంతో అంత మంచి రాత్రి దొరికినా, ఆక్రాయిడ్ ముగింపుకి తెల్లబోయే అవకాశం మాత్రం నాకిక ఈ జన్మలో లేదు. అందుకే ఆ పేజీ సంగతి మీకు చెప్పనన్నది.

పుస్తకం తిరిగి ఇచ్చేముందు రబ్బరు తీసుకుని ఆ సున్నా, ఆ బాణం, ఆ రెండు ఆశ్చర్యార్థకాలు నెమ్మదిగా చెరిపేశాను. గీత పోయింది. గట్టిగా నొక్కి రాసినట్టున్నారు, కాగితం మీద గాడి మాత్రం మిగిలింది. వెలుతురుకి ఏటవాలుగా పెడితే కనిపిస్తుంది. వేలు వెనక్కి తిప్పి గోటితో దాన్ని వీలైనంత చదును చేశాను.